మంచులో జారినోళ్ళ ముచ్చట్లు

(ఏజాక్స్‌లో మన వేదిక శీతాకాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చలికాలం జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. జాగ్రత్తలు అనగానే సగం మంది ఫోన్లు చూసుకుంటారు. ముచ్చట అంటే మాత్రం చెవి ఇటు వేస్తారు. అందుకే మన రూముల్లో, మన కార్లలో, మన బస్టాపుల్లో జరిగిన ముచ్చట్లే చెప్తాను. పేర్లు చెప్పను. ఎవరిది వాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది. పక్కవాణ్ణి మోచేత్తో పొడవకండి.

ముందు మనం ఉంటున్న ఊరి గురించి రెండు మాటలు. ఈ ఏజాక్స్ పనివాళ్ళ కోసమే పుట్టిన ఊరు. 1941లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు, ఇక్కడి పొలాల్లో డిఫెన్స్ ఇండస్ట్రీస్ లిమిటెడ్ అనే కంపెనీ ఫిరంగి గుండ్లు నింపే ఫ్యాక్టరీ పెట్టింది. బాగా నడిచిన రోజుల్లో 9,000 మందికి పైగా పనిచేశారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. కెనడా నలుమూలల నుంచి వచ్చి, హాస్టళ్ళలో ఉండి, షిఫ్టుల్లో పనిచేసి, యుద్ధం ముగిసేలోగా సుమారు 4 కోట్ల గుండ్లు నింపారు. 1939 డిసెంబర్‌లో రివర్ ప్లేట్ యుద్ధంలో జర్మనీ వాళ్ళ గ్రాఫ్ స్పీ నౌకతో తలపడిన బ్రిటిష్ యుద్ధనౌక పేరు ఏజాక్స్. ఆ పేరే ఊరికి పెట్టారు. మనం రోజూ బస్సు దిగే హార్వుడ్ అవెన్యూ, ఆ యుద్ధంలో నౌకలను నడిపించిన అధికారి పేరు. యుద్ధం అయ్యాక 1946 నుంచి 1949 దాకా టొరంటో విశ్వవిద్యాలయం ఇక్కడి భవనాల్లోనే ఇంజనీరింగ్ తరగతులు పెట్టింది.

ఇదంతా ఎందుకంటే, ఇల్లు వదిలి వచ్చి, పదిమందితో ఒక కప్పు కింద ఉండి, అర్ధరాత్రి షిఫ్టు దిగి చలిలో నడిచినవాళ్ళు ఇక్కడ మనకంటే ఎనభై ఏళ్ళ ముందే ఉన్నారు. మనం ఈ ఊరికి కొత్త కావచ్చు. మన బతుకు మాత్రం ఈ ఊరికి కొత్త కాదు.

మొదటి చలికాలం ముచ్చట్లు

ఇక ముచ్చట్లకొద్దాం. మొదటి చలికాలంలో ఏదో ఒక తిప్పలు పడనోడు మనలో ఒక్కడూ లేడు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు, పొద్దున డ్యూటీకి టైమైపోతోందని, కారు అద్దం మీద గడ్డ కట్టిన మంచు కరగడానికి కెటిల్‌లో మరిగిన నీళ్ళు తెచ్చి పోశాడు. మంచు కరిగింది. దాంతో పాటు అద్దం కూడా ఈ కొస నుంచి ఆ కొసకు పర్రున చీలింది. గాజు గ్లాసులో ఉడుకుడుకు చాయ్ పోస్తే పగులుతుందని మన ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. కారు అద్దం దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో తెలియదు.

ఇంకొకాయన, తూర్పు గోదావరి పెద్దాయన, వేసవిలో కొన్న నీలం రంగు వాషర్ నీళ్ళే జనవరిలోనూ పోసుకున్నాడు. 401 హైవే మీద ముందు లారీ చిమ్మిన ఉప్పు బురద అద్దం మీద పడితే బటన్ నొక్కాడు. నీళ్ళు రాలేదు, లోపలే గడ్డ కట్టాయి. కిటికీ దించి, తల బయటపెట్టి, రైలింజన్ డ్రైవర్ లాగా తొంగి చూస్తూ వెస్ట్నీ రోడ్డు దాకా వచ్చాడు. డబ్బా మీద మైనస్ 35 అనో మైనస్ 40 అనో రాసి ఉన్నదే చలికాలానికి పనికొస్తుంది. నాలుగు డాలర్ల తేడా కోసం మెడ పట్టేసి వారం రోజులు వంకరగా తిరిగాడు.

ఆడవాళ్ళ ముచ్చట్లు వేరే. దోసె పిండి పొంగదు. రాత్రి రుబ్బి పెడితే పొద్దునకు ఎట్లా పెట్టింది అట్లాగే ఉంటుంది. మా పక్కింటి వదినగారు ఓవెన్ వెలిగించకుండా, అందులో లైటు మాత్రం వేసి గిన్నె పెడుతుంది. ఆ లైటు వేడికే తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ఒకసారి వాళ్ళాయన ఆ సంగతి తెలియక, పిజ్జా కోసమని ఓవెన్ వేడి పెట్టాడు. తలుపు తీసేసరికి లోపల అంతపెద్ద ఇడ్లీ. అందరం కోసుకొని పచ్చడితో తిన్నాం. ఎవరూ వంక పెట్టలేదు.

ఫోన్ల సంగతి మీకందరికీ తెలుసు. చలికి బ్యాటరీ నలభై శాతం ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా కన్ను మూస్తుంది. బస్సు ఎక్కడుందో చూసుకునేది దాంట్లోనే, ఇంటికి ఫోన్ చేసేదీ దాంట్లోనే. చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకుంటే చాలాసేపు ఆగుతుంది.

ఇవన్నీ నవ్వుకునే ముచ్చట్లే. శనివారం రాత్రి ఒక రూములో చేరి, ఒకడు ఉల్లిగడ్డలు కోస్తుంటే ఒకడు ఇవన్నీ నటించి చూపిస్తుంటే, కడుపు పట్టుకొని నవ్వుతాం. సాయంత్రం నాలుగూ ముప్పావుకే చీకటి పడే డిసెంబర్‌లో ఆ నవ్వే మనకు హీటరు.

నవ్వులో కలిసిపోయిన దెబ్బ

ఇప్పుడు చెప్పేది కూడా అట్లాంటి ఒక నవ్వులోనే మొదలైంది. జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు గోదాములో పని చేస్తాడు. ఏజెన్సీ ద్వారా దొరికిన పని. గోదాము పేరు, ఏజెన్సీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక రాత్రి లోడింగ్ డాక్ దగ్గర, ట్రక్కు చక్రాలతో వచ్చిన మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిన చోట జారాడు. చెయ్యి ఆనించి పడ్డాడు. రూముకొచ్చాక చెప్పాడు.

"ఏమైందిరా చేతికి?" అని అడిగితే, "ఏం లేదన్నా, జారిన. బర్రె కూలబడ్డట్టు కూలబడ్డ" అన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఎట్లా పడ్డాడో రెండుసార్లు చూపించాడు కూడా.

నాలుగు రోజులైనా వాపు దిగలేదు. ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. "సూపర్‌వైజర్‌కు చెప్పినవా?" అంటే, "చెప్తే రేపట్నుంచి పిలువరన్నా. పర్మిట్ మీద ఉన్నోణ్ణి. మళ్ళ లేనిపోని లొల్లి ఎందుకు" అన్నాడు. అమ్మతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఆ చెయ్యి దుప్పటి కింద దాచుకున్నాడు. ఆరో రోజు ఆస్పత్రికి తీసుకుపోతే మణికట్టు ఎముక చిట్లింది అన్నారు.

ఇక్కడ మన రూము వాళ్ళు ఒక మంచి పని చేశారు. వాడు పడ్డ రాత్రి నవ్వుకుంటూ మన వాట్సాప్ గ్రూపులో "ఈరోజు ఫలానా వాడు బోర్లా పడ్డాడు" అని ఒకడు పెట్టాడు. ఇంకొకడు వాపెక్కిన చేతి ఫోటో పెట్టి దిష్టి తీయమన్నాడు. ఆ నవ్వులాటలోనే తేదీ ఉంది, టైము ఉంది, వాపు ఉంది, ఎక్కడ పడ్డాడో ఉంది. తరువాత కాగితాలు నింపేటప్పుడు ఆ మెసేజులే పనికొచ్చాయి.

ఈ కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, శ్రద్ధగా వినండి. ఒంటారియోలో పనిలో దెబ్బ తగిలిన వాళ్ళ కోసం డబ్ల్యూఎస్ఐబీ అని ఒక బీమా సంస్థ ఉంది. చాలా రకాల కంపెనీలు దానికి డబ్బు కట్టక తప్పదు. ఆ డబ్బు యజమాని కట్టాల్సిందే, మన జీతంలో నుంచి కోయకూడదు. దెబ్బ తగిలితే వెంటనే పై వాళ్ళకు చెప్పాలి. డాక్టర్ దగ్గర "ఇది పనిలో తగిలింది" అన్న మాట తప్పకుండా అనాలి. దెబ్బ తగిలిన రోజు జీతం పూర్తిగా ఇవ్వాలి. సంగతి తెలిసిన మూడు పనిదినాల్లో యజమాని ఆ సంస్థకు తెలపాలి. యజమాని తెలపకపోయినా మన ఫారం మనమే పంపవచ్చు, దానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు. ఏజెన్సీ ద్వారా వెళ్ళేవాళ్ళకు ఏజెన్సీయే యజమాని. అందుకని గోదాములోనూ చెప్పాలి, ఏజెన్సీకీ చెప్పాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా మెసేజో మెయిలో పెట్టాలి. దెబ్బ గురించి చెప్పినందుకు భయపెట్టడం, చెప్పొద్దని ఒత్తిడి చేయడం చట్టం ప్రకారం తప్పు.

పర్మిట్ మీద ఉన్నా, చదువుకుంటూ పని చేస్తున్నా, ఈ బీమా పౌరసత్వం చూసి ఇచ్చేది కాదు. పని చూసి ఇచ్చేది.

ఆ తమ్ముడికి దారి దొరికింది. చెయ్యి అతుక్కుంది. కానీ ఆ ఆరు రోజులు వాడు విరిగిన చేత్తో డబ్బాలు మోశాడు. మనం పక్క మంచం మీదే ఉన్నాం.

దారిలో పడితే ఒక లెక్క

పని బయట పడేవాళ్ళే ఎక్కువ. దీనికీ గడువులున్నాయి, చాలామందికి తెలియవు. మునిసిపాలిటీ వాళ్ళ కాలిబాట మీద జారి దెబ్బ తగిలితే పది రోజుల్లోపు టౌన్ క్లర్కుకు రాతపూర్వకంగా తెలపాలి. మంచు విషయంలో మునిసిపాలిటీ మీద కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా పెద్దదై ఉండాలి కాబట్టి అది అంత సులభం కాదు. దుకాణం ముందు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఇంటివాళ్ళ మెట్ల మీద పడితే 60 రోజుల్లోపు రాసి ఇవ్వాలి. ఈ 60 రోజుల నిబంధన 2021 జనవరి 29 నుంచి వచ్చింది. పడ్డ చోటు ఫోటో అప్పుడే తీయండి. మధ్యాహ్నానికి ఆ మంచు ఉండదు, ఉప్పు చల్లేస్తారు. సాక్షి కరిగిపోతాడన్నమాట.

అసలు పడకుండా నడవడం కూడా మనకు తెలిసిన విద్యే. నాట్ల వేళ పొలం గట్టు మీద ఎలా నడుస్తాం? మడమ ముందు వేయం. పాదం మొత్తం ఒకేసారి ఆనిస్తాం, చిన్న చిన్న అడుగులు వేస్తాం, చేతులు ఖాళీగా పెట్టుకుంటాం. ఇక్కడా అదే. జేబుల్లో చేతులు పెట్టుకొని నడిస్తే పడేటప్పుడు ఆసరా ఉండదు. అందుకే చేతి తొడుగులు కొనండి. మెరుస్తున్న తారు రోడ్డు తడిగా ఉందనుకోవద్దు, అది మంచుగడ్డే కావచ్చు.

కారున్న వాళ్ళకు ఒక మాట. బయట వేడి 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. మంచు పడకపోయినా పట్టు తగ్గుతుంది. ఒంటారియోలో చలికాలం టైర్లు తప్పనిసరి కాదు గానీ, వేయించుకున్న వాళ్ళకు బీమా కంపెనీలు 2016 నుంచి తగ్గింపు ఇవ్వాలి. ఫోన్ చేసి అడగండి. అడగనివాళ్ళకు ఆ తగ్గింపు దానంతటది రాకపోవచ్చు.

మనలో గల్ఫ్ చేసి వచ్చిన వాళ్ళున్నారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది. ఇక్కడ బయటి చలికి అలాంటి అంకె ఒంటారియో చట్టంలో లేదు. నాలుగు గోడల మధ్య పనిచేసే ఫ్యాక్టరీ, గోదాములో మాత్రం 18 డిగ్రీలకు తగ్గకూడదు. ఫ్రీజర్లకు, తలుపులు మాటిమాటికీ తెరవాల్సిన చోట్లకు మినహాయింపులున్నాయి. అయినా ప్రమాదకరమైన పని అనిపిస్తే చేయనని చెప్పే హక్కు పనివాడికి ఉంది. చెప్పే పద్ధతి ఉంది: ముందు సూపర్‌వైజర్‌కు కారణం చెప్పాలి, దగ్గర్లో భద్రమైన చోట ఉండాలి. అలిగి ఇంటికి వచ్చేయడం ఆ పద్ధతి కాదు.

గాలితో కలిపి చలి మైనస్ 28 దాటిందంటే బయటికి కనపడే చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మన బస్సు ఆలస్యం కూడా దాదాపు అంతే. చెవులు, ముక్కు, వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. లోపలికి వచ్చి గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, వైద్యం చేయించుకోండి.

పోపు, అలారం, గరాజ్

ఇప్పుడు వంటింటి ముచ్చట. ఎండుమిరపకాయల పోపు వేయగానే పొగ అలారం కూస్తుంది. ఒక రూములో రోజూ ఈ గోలేమిటని కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేశారు. ఇంకొక రూములో దానికి షవర్ టోపీ తొడిగారు. పండక్కి ఫోటో కూడా తీసుకున్నారు. నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ చాలా ఇళ్ళలో ఆ గుండ్రటి డబ్బాలోనే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉంటుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు అలసట అనుకొని పడుకుంటాడు. మనం ఎక్కువగా ఉండేది బేస్‌మెంట్లలో, ఫర్నేసు పక్క గదిలో.

2013 డిసెంబర్‌లో ఈ ప్రాంతమంతా మంచు తుఫాను వచ్చి, క్రిస్మస్ ముందు రోజుల తరబడి కరెంటు పోయింది. అప్పుడు చలికి తట్టుకోలేక బొగ్గుల పొయ్యిలు ఇంట్లోకి తెచ్చుకున్న వాళ్ళు ఈ వాయువు బారిన పడ్డారు. మన ఊళ్ళో కుంపటి గదిలో పెట్టుకుంటే పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇక్కడి ఇంటికి సందు ఉండదు. కుంపటి వద్దు, భోగి మంట గరాజ్‌లో వద్దు, గరాజ్ తలుపు వేసి కారు వేడి చేయడం అసలే వద్దు.

ఇంధనంతో నడిచే ఫర్నేసు ఉన్నా, ఇంటికి ఆనుకొని గరాజ్ ఉన్నా పడుకునే గదుల దగ్గర ఈ అలారం ఉండాలని ఒంటారియోలో 2014 నుంచి రూలుంది. 2026 జనవరి 1 నుంచి ప్రతి అంతస్తులోనూ ఉండాలి. అద్దె ఇంట్లో అది పెట్టించే బాధ్యత ఇంటి యజమానిది. పీకకుండా ఉండే బాధ్యత మనది. అలారం కూస్తే, అందరికీ తలనొప్పిగా ఉంటే, కోటు వేసుకొని బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి. పోపు వేసేటప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను వేసి మూత పెడితే సరిపోతుంది.

బేస్‌మెంట్ చల్లగా ఉందని నాలుగు దుప్పట్లు కప్పుకునే వాళ్ళకు ఇంకొక సంగతి. వేడి ఇచ్చేది ఇంటి యజమాని అయితే, సెప్టెంబర్ 1 నుంచి జూన్ 15 దాకా కనీసం 20 డిగ్రీలు ఉండాలని ఒంటారియో నిబంధన. మనం బతిమాలుకునే విషయం కాదది. పది డాలర్ల థర్మామీటర్ గోడకు పెట్టి, రోజూ ఫోటో తీసి, మర్యాదగా మెసేజ్ పెట్టండి. చాలామంది ఓనర్లు అంతటితోనే సరిచేస్తారు.

దుప్పటి కింద దాచిన చెయ్యి

చివరగా ఒక మాట. ఇక్కడ సాయంత్రం ఏడు అయితే ఇంటి దగ్గర మర్నాడు పొద్దున ఐదున్నర. చలికాలంలో పదిన్నర గంటల తేడా. అమ్మ లేచి పొయ్యి వెలిగించే టైముకు మనం ఫోన్ చేస్తాం. "బాగున్నావా బిడ్డా" అంటే "బాగున్ననమ్మా" అంటాం. అప్పు తెచ్చి పంపినవాళ్ళకు దెబ్బ సంగతి చెప్పి ఏం చేయాలి అనిపిస్తుంది. ఆ లెక్కలో న్యాయం ఉంది, కాదనను. అమ్మకు చెప్పకపోతే ఇంకెవరికైనా చెప్పాలి. ఇక్కడ ఆ ఇంకెవరో మనమే.

చలికాలంలో ఇంకో దెబ్బ ఉంది, దానికి వాపు కనపడదు. రెండు వారాలు ఎండ మొఖం చూడడు, షిఫ్టుకు పోవడం, పడుకోవడం, మళ్ళీ షిఫ్టు. శనివారం రూముకు రమ్మంటే "లేదన్నా, నిద్రొస్తోంది" అంటాడు. మూడు శనివారాలు అదే మాట అంటే నాలుగో శనివారం ఫోన్ చేయకండి, ఇంటికి పోండి. అన్నం డబ్బా పట్టుకొని పోండి. మాట్లాడకపోయినా పక్కన కూర్చోండి. మనసు మరీ బాగోకపోతే 988 అనే నంబరు దేశమంతా పగలూ రాత్రీ పనిచేస్తుంది. 2023 నవంబర్ 30న మొదలైంది. ఫోన్ చేయవచ్చు, మెసేజూ పెట్టవచ్చు.

మన రూము వాళ్ళు ఈ చలికాలం మొదలుపెట్టిన పద్ధతులు మూడు చెప్తాను. మీ మీ రూముల్లోనూ పెట్టుకోండి. ఒకటి, జారిన ముచ్చట గ్రూపులో పెట్టాలి. తేదీ, టైము, చోటు, ఫోటోతో సహా. నవ్వుకోవడం తరువాత. రెండు, రాత్రి షిఫ్టు దిగినవాడు ఇంటికి చేరగానే ఒక్క అక్షరం పంపాలి. అరగంట దాటితే మేలుకున్నవాడు ఫోన్ చేయాలి. మూడు, కొత్తగా వచ్చినవాడికి మొదటి కోటు, మొదటి బూట్లు పాతవాళ్ళు చూసి కొనిపించాలి. జీతం వచ్చేదాకా వాడు చెప్పులతో తిరగకూడదు.

నంబర్లు రాసుకోండి. ప్రాణాపాయానికి 911. నర్సు సలహాకు 811. ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో తెలియకపోతే 211. ఏజాక్స్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకు కాగితాల్లో సాయం చేసే వెల్‌కమ్ సెంటర్ ఉంది. ఆషవాలో దుర్హమ్ కమ్యూనిటీ లీగల్ క్లినిక్ ఉంది. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి జంకేవాళ్ళకు తోడుగా రావడానికి మన వేదికలో నలుగురం ఉన్నాం, షిఫ్టు లేని రోజు చూసుకొని వస్తాం.

భోజనాలకు వేళయింది. బయట మెట్ల మీద ఇప్పుడే ఉప్పు చల్లారు, అయినా మెల్లగా దిగండి.